గోడ మీద బొమ్మ

మా ఆవిడ మేనమామ తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కంటి శుక్లం ఆపరేషనుకని హైదరాబాదు వచ్చి, చుక్కల మందు పేరు చెప్పి మా ఇంట్లో ఉండిపోయారు. కొన్నాళ్ళు పేపరు చదవొద్దు, టీవీ చూడొద్దు అన్నారు కాబట్టి గోడలు చూడటం మొదలుపెట్టారు. మా అద్దె ఫ్లాటు హాల్లో గోడలంటే పిల్లల బొమ్మలే. పెద్దదానికి పదేళ్ళు, చిన్నాడికి ఆరు. మా ఆవిడది బ్యాంకు ఉద్యోగం. ఎవరి లెక్కలోనైనా తప్పు దొరికితే వదిలే మనిషి కాదు. ఆ వారమంతా వాళ్ళిద్దరి మధ్య ముక్కలు ముక్కలుగా నడిచిన వాదనను ఇక్కడ ఒకచోట చేర్చాను. కాఫీలు అందించడం నా వంతు. బ్రాకెట్లలో ఉన్న గొంతు నాది.

మామయ్య: అమ్మాయ్, ఈ గోడకేమైనా ఎలక్షన్లొచ్చాయా?

మేనకోడలు: ఏం మామయ్యా, బాగాలేవా?

మామయ్య: బాగుండటం సంగతి తర్వాత. ఎన్నున్నాయో లెక్కపెడదామంటే నలభై దాటాక కంట్లో నీళ్ళు తిరిగాయి. ఒకదాని మీద ఒకటి అంటించేశావు. ఆ చేప తోక కిందినుంచి ఇంకో బొమ్మలో సూర్యుడు తొంగి చూస్తున్నాడు. ఎవరి కోసం పెట్టావివన్నీ?

మేనకోడలు: పిల్లల కోసం. ఇంకెవరి కోసం పెడతాను?

మామయ్య: మరి అయిదడుగుల ఎత్తున ఎందుకున్నాయి? చిన్నాడి కళ్ళు నేలనుంచి మూడున్నర అడుగుల దగ్గర ఉంటాయి. తన బొమ్మ తను చూసుకోవాలంటే సోఫా ఎక్కాలి. ఎక్కితే నువ్వు కేకలేస్తావు. వచ్చేపోయేవాళ్ళ కళ్ళకి అందే ఎత్తులో పెట్టి పిల్లల కోసమంటావేమిటే?

మేనకోడలు: సరే, కిందకి దించుతాను. అంతేనా మీ ఫిర్యాదు?

మామయ్య: దించడం కాదు, తీసెయ్యమంటున్నాను.

మేనకోడలు: జీవితమంతా బొమ్మలు నేర్పిన మనిషి అనాల్సిన మాటేనా ఇది?

మామయ్య: నేర్పాను కాబట్టే అంటున్నా. రెండేళ్ళ పిల్ల చేతికి బలపం ఇచ్చి చూడు. గీస్తుంది, గీస్తుంది, అక్కడే పడేసి పోతుంది. వెనక్కి తిరిగి చూడదు. గియ్యడమే దానికి ఆట. ఏ మూడో ఏటో మనం వంగి చూసి, అబ్బ ఎంత బాగా వేశావే అంటాం. అప్పట్నుంచి కాగితం వంక చూసే చూపు సగం తగ్గి మన మొహం వంకకి మళ్ళుతుంది. గోడకి అంటించడం ఆ మెచ్చుకోలుకి పై మెట్టు. ఇది నా ఒక్కడి మాట కూడా కాదు. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అని ముగ్గురు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడమంటే సరదా ఉన్న పిల్లల్నే ఏరుకున్నారు. కొందరికి, బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్టు ఇస్తామని చెప్పారు. వేశారు, ఇచ్చారు. తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వని రోజుల్లో ఆ పెన్నులు మళ్ళీ బల్ల మీద పెడితే, సర్టిఫికెట్టు అందుకున్నవాళ్ళు మిగతావాళ్ళలో దాదాపు సగంసేపే గీశారట. బహుమతి చేతికొచ్చింది, సరదా చేజారింది.

మేనకోడలు: మామయ్యా, ఆ ప్రయోగం గురించి నేనూ చదివాను. మీరు రెండు గుంపుల సంగతే చెప్పారు. మూడోది ఏమైంది?

మామయ్య: మూడోదేమిటి?

మేనకోడలు: ముందు ఏమీ చెప్పకుండా, బొమ్మ వేశాక అదే సర్టిఫికెట్టు చేతిలో పెట్టిన పిల్లలు. వాళ్ళ సరదా తగ్గలేదు. అసలేమీ ఇవ్వనివాళ్ళతో సమానంగా గీశారు. చెడగొట్టింది బహుమతి కాదు, ముందే ఒప్పుకున్న బేరం. మంచి బొమ్మ వేస్తే గోడకి పెడతాననడం బేరమవుతుంది. వేసిపారేసినవాటిలోంచి ఒకటి తీసి పెడితే అందులో బేరమెక్కడుంది?

(మాస్టారు చుక్కల మందు టైమైందన్నారు. కాలేదు.)

మామయ్య: సరే, అది ఒప్పుకుంటా. మరి ఏది తీసి పెట్టావు? అసలు చిక్కు అక్కడుంది. ఇటు రా, ఈ వరస చూడు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. కొండల్లోంచి ఒక ఏరు. పక్కన పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు, పైన నాలుగు కాకులు. ఇదీ అదే. అదీ అదే. మా బళ్ళోనూ ఇదే వేసేవాళ్ళు. మా ఊరి చుట్టూ డెల్టా. కనుచూపు మేర వరిచేలు, కాలవలు, తాటిచెట్లు. కొండ చూడాలంటే బస్సెక్కి మంగళగిరి పోవాలి. మా పిల్లలకి సూర్యుడు వరిచేలోంచి లేస్తాడు, తాటితోపు వెనక దిగుతాడు. అయినా డ్రాయింగు పుస్తకం తెరిస్తే రెండు త్రికోణాలు, మధ్యలో అరచందమామలాంటి సూర్యుడు. ఎందుకంటావు?

మేనకోడలు: మీరే నేర్పి ఉంటారు.

మామయ్య: నేను నేర్పాను, నాకు నా మాస్టారు నేర్పాడు. కానీ నేర్పినవన్నీ నిలబడవు, ఇది నిలబడింది. క్లాసు గోడకి ఎక్కింది ఇదే మరి. ఇనస్పెక్షనుకి వచ్చినాయన మెచ్చుకున్నది ఇదే. ఒకడిది ఎక్కితే పక్కవాడు అదే వేశాడు, వాడి తమ్ముడు అదే వేశాడు. గేదె మీద కొంగ వాలింది వేసినవాడి కాగితం బల్ల సొరుగులో ఉండిపోయింది. గోడకి ఏదెక్కితే పిల్లలు అది నేర్చుకుంటారు. డ్రాయింగు మాస్టారి కంటే గోడ గట్టి మాస్టారు.

మేనకోడలు: అయితే తప్పు ఏరేవాళ్ళది. గోడదెలా అవుతుంది? ఏరే పని పిల్లలకి వదిలేస్తే?

మామయ్య: వదలగలవా?

మేనకోడలు: వదిలి చూశాను. పోయిన నెల చిన్నాణ్ణి ఒకటి తెచ్చుకోమన్నాను. నెమలి బొమ్మ తెస్తాడనుకున్నా. నిజంగానే బాగా వేశాడు దాన్ని. వాడు తెచ్చింది ఒక అట్టముక్క. దాని మీద పెన్సిలు చెక్కిన పొట్టు ఫెవికాల్‌తో అంటించాడు, చుట్టూ ఎర్రగీత. అది మా అపార్టుమెంటు లిఫ్టట. ఎందుకు లిఫ్టో నాకిప్పటికీ తెలీదు. పెట్టాను. రోజుకో పొట్టు ముక్క నేలరాలుతోంది, చీపురుతో ఎత్తుతున్నాను.

మామయ్య: ఏదీ, ఎక్కడుంది?

మేనకోడలు: బీరువా పక్కన, కింద.

మామయ్య: ఊఁ. ఈ గోడ మొత్తానికి ఇదొక్కటే బొమ్మ. మిగతాది కాపీ పుస్తకం. పక్కన ఏమిటీ రాసింది?

మేనకోడలు: వాడన్న మాటలు, వాడన్నట్టే. ఇటలీలో రెజియో ఎమిలియా అనే ఊరుంది. అక్కడి చిన్నపిల్లల బళ్ళలో లోరిస్ మలగుజ్జి అనే ఆయన పెట్టిన పద్ధతిది. బొమ్మ ఒక్కటే పెట్టి ఊరుకోరు. వేస్తున్నప్పుడు పిల్లలు ఏం మాట్లాడుకున్నారో అది కూడా రాసి పక్కన పెడతారు. అప్పుడు చూసేవాళ్ళు బాగుంది, బాగాలేదు అనకుండా ఒక ప్రశ్న అడుగుతారు. మా అత్తగారు ఈ లిఫ్టు దగ్గర నుంచుని, ఇందులో ఎవరెక్కారురా అనడిగారు. వాడు అరగంట చెప్పాడు.

మామయ్య: అడగడమంటే అలా అడగాలి. ఇదేమిటి అని అడగ్గూడదు. ఆ మాట అన్నామంటే, పోల్చుకునేలా వెయ్యడం చేతకాలేదని పిల్లవాడికి చెప్పినట్టు. ఫ్రాన్సులో లూకే అనే ఆయన తన కూతురి బొమ్మలన్నీ వరసగా దాచి 1913లో పుస్తకం వేశాడు. ఈ వయసు పిల్లలు కంటికి కనిపించింది వెయ్యరు, తమకి తెలిసింది వేస్తారంటాడు. కుండ వేస్తే లోపలి అన్నం కనిపిస్తుంది. బస్సుకి నాలుగు చక్రాలూ ఒకే వైపు ఉంటాయి. అమ్మ కడుపులో చెల్లాయి ఉంటుంది, గౌను తొడుక్కుని. అది తప్పు కాదు. సరిచేసి గోడకి పెట్టే తల్లులున్నారు చూడు, వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

మేనకోడలు: అంటే ఇప్పుడు పెట్టొచ్చంటున్నారన్న మాట.

మామయ్య: లేదే. పెడితే అలా పెట్టమన్నాను.

(ఈ రెంటికీ తేడా నాకు తెలియలేదు. మాస్టారికి తెలుసు కాబోలు.)

మామయ్య: ఇంకో సంగతి. వాడి చదువు బల్ల ఈ గోడకి ఎదురుగా వేశావు. 2014లో అమెరికాలోనే, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చిన్నపిల్లల్ని ఒకే గదిలో కొన్ని రోజులు నిండుగా అలంకరించిన గోడల మధ్య, కొన్ని రోజులు ఖాళీ గోడల మధ్య కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. గోడలు నిండుగా ఉన్నప్పుడు పిల్లల చూపు ఎక్కువగా పక్కకి పోయింది, పాఠం తక్కువ ఎక్కింది. ఇందులో మూడో గుంపేమీ లేదు, వెతక్కు.

మేనకోడలు: వెతకను. బల్ల ఇటు తిప్పుతాను. కానీ హాలు తరగతి గది కాదు మామయ్యా. ఇక్కడ చూపు పక్కకి పోవడమే కావాలి.

మామయ్య: నిండుగా ఉంటే పక్కకి పోయిన చూపు కూడా దేని మీదా నిలవదు. నాలుగో అయిదో చాలు. ఈ టేపేమిటి, గోడంతా?

మేనకోడలు: రెండువైపులా అంటుకునే టేపు. మేకు కొడితే ఓనరు ఊరుకోడు.

మామయ్య: టేపు పీకితే లప్పంతో సహా ఊడొస్తుంది. అప్పుడు ఊరుకుంటాడా?

మేనకోడలు: ఊరుకోడు. పాత ఇంట్లో అడ్వాన్సులో కోసుకున్నారు కూడా. అందుకే ఇప్పుడు వేరే దారులు చూస్తున్నా. అదిగో, కర్టెను రాడ్డు కొక్కేలకి పురికొస కట్టాను. బట్టల క్లిప్పులతో తగిలిస్తే గోడకి ఏమీ తగలదు. చిన్నాడే మార్చుకుంటాడు, తాడు వాడి భుజమెత్తున ఉంది కాబట్టి. బీరువా తలుపు ఇనుమే కదా, దానికి అయస్కాంతాలు. అన్నిటికంటే బాగా కుదిరింది పరీక్ష అట్టలు. పెద్దదానివి, పక్కింటివాళ్ళవి కలిపి నాలుగు దొరికాయి. పైన క్లిప్పు ఎలాగూ ఉంది, దాని వెనక కన్నానికి దారం కట్టి పాత క్యాలెండరు మేకుకి ఒకటి, స్విచ్చి బోర్డు పక్కన ఓనరు కొట్టిన మేకుకి ఒకటి. ఏ4 కాగితం సరిగ్గా సరిపోతుంది. క్లిప్పు నొక్కితే పాతది వస్తుంది, కొత్తది పోతుంది.

మామయ్య: ఇది బాగుంది. పరీక్ష అట్టకి జీవితంలో ఒక మంచి పని దొరికింది. పోయినేటి క్యాలెండరు పడేస్తారు కదా, దాని పైన రేకు పట్టీ ఉంటుంది. కాగితాలు పీకేసి ఆ పట్టీలో చార్టు దూర్చి నొక్కితే పొడుగు బొమ్మలు వేలాడతాయి. మా బళ్ళో మ్యాపులకి అలాగే చేసేవాళ్ళం. మరి ఈ పటమేమిటి? పటం కట్టించేది దేవుళ్ళకి, పోయినవాళ్ళకి. ఆరేళ్ళ వెధవ బొమ్మకి అద్దం బిగిస్తే ఎవరైనా చూసి దండ వెయ్యాలనుకుంటారు.

మేనకోడలు: అందుకే వెనక తలుపులా తెరుచుకునేది చేయించాను. పటాల షాపతను ముందు వింతగా చూశాడు. మేకులు కొట్టకుండా వెనక రెండు మడత గొళ్ళేలు పెట్టమన్నాను. కొత్త బొమ్మ వస్తే పాతదాని మీదే పెట్టి మూసేస్తాను. అందులో ఇప్పుడు ఎన్నున్నాయో నాకే తెలీదు. చూపే చోటూ దాచే చోటూ ఒకటే అయిపోయాయి.

మామయ్య: అద్దానికీ కాగితానికీ మధ్య అట్ట చట్రం పెట్టించావా?

మేనకోడలు: లేదు. పెట్టాలా?

మామయ్య: క్రేయాన్ అంటే మైనం తల్లీ. పడమటి గోడ ఎండాకాలం కాలిపోతుంది. మైనం మెత్తబడి అద్దానికి అంటుకుంటే తీసేటప్పుడు సగం బొమ్మ అద్దం మీద ఉండిపోతుంది. చుట్టూ అంగుళం అట్ట పెట్టించు, మధ్యలో గాలి ఉంటుంది. స్కెచ్ పెన్ను బొమ్మలు అసలు ఆ గోడకి పెట్టకు. ఆ రంగు ఎండకి ఆగదు, చూస్తుండగానే వెలిసిపోతుంది. క్రేయాన్ కొంత నయం. పొయ్యి దగ్గర ఏదీ పెట్టకు, తాలింపు జిడ్డు పట్టిన కాగితాన్ని ఎవడూ బాగుచెయ్యలేడు. ఇంకా నయం, మైదా జిగురు వాడావు కాదు. ఒక్క వానాకాలంలో పురుగులు బొమ్మని వెనకనుంచి తినేస్తాయి.

మేనకోడలు: పెట్టొద్దంటూనే పెట్టడం బాగా నేర్పుతున్నారు.

మామయ్య: పని చేస్తే పద్ధతిగా చెయ్యమంటున్నా. నా మాట నాదే. మీ అమ్మ ముగ్గు గుర్తుందా? ధనుర్మాసంలో వాకిలి నిండా వేసేది. రెండు గంటలు నడుం వంచి వేస్తే పొద్దెక్కేసరికి సైకిళ్ళు తొక్కి పోయేవి. మర్నాడు కళ్ళాపి చల్లి మళ్ళీ మొదలు. ఎప్పుడైనా బాధపడిందా? ఫోటో తీయించుకుందా? అంత పెద్ద కళ అలా తుడిచిపెట్టుకుపోతుంటే లేని బెంగ, మీకు ఈ కాగితాల మీదెందుకు?

మేనకోడలు: అమ్మ ముగ్గు ఎక్కడ వేసింది మామయ్యా? పెరట్లో వేసిందా? వాకిట్లో వేసింది. వీధంతా చూసింది. ఎదురింటి పిన్నిగారు పాలు పోయించుకుంటూ, మెలిక ఇక్కడ తప్పిందే అనేది. సంక్రాంతి పోటీకి మీరే జడ్జీ. చూపించడంలో అమ్మ నాకంటే తక్కువేం కాదు. దాచలేదు, అంతే. నేనూ అదే చేస్తానంటున్నా. ఆదివారం ఆదివారం మారుస్తాను. వారం గోడ మీద ఉన్నది దిగుతుంది, కొత్తది ఎక్కుతుంది.

మామయ్య: దిగింది ఎక్కడికి పోతుంది?

(మా ఇంట్లో అసలు గొడవ ఇదే. మంచం కింద ఒక సూట్‌కేసు ఉంది, తాళం పడదు.)

మేనకోడలు: ...సూట్‌కేసులోకి.

మామయ్య: అదీ. మీ అమ్మకి ముగ్గుల సూట్‌కేసు లేదు.

మేనకోడలు: పారేస్తే రేపు బాధపడితే? పౌల్ క్లే అంతటి చిత్రకారుడు 1911లో తన బొమ్మల జాబితా రాసుకుంటూ చిన్నప్పుడు వేసినవి కూడా కొన్ని అందులో చేర్చుకున్నాడు. ఎవరో దాచబట్టే కదా అవి ఉన్నాయి?

మామయ్య: ఉన్నాయి. కొన్ని! నీ సూట్‌కేసు మోసుకుని ఊళ్ళు తిరగలేదు ఆయన. దాచేదుంటే ఏడాదికి పదో పన్నెండో దాచు, అవీ పిల్లలు ఏరినవి. వెనక పెన్సిలుతో తేదీ, వయసు, వాడన్న మాట రాయి. బాల్‌పెన్ను వద్దు, ముందువైపుకి ముద్ర పడుతుంది. సెల్లోటేపు అసలు వద్దు, నాలుగేళ్ళకి పచ్చబడి మరకవుతుంది. లామినేషను చేయించొద్దు. ప్లాస్టిక్కులో వేడిగా అతికాక దాన్ని మళ్ళీ తియ్యలేవు. పెద్ద కవరు ఫైలులో పరిచి పెట్టు, చుట్టకు. రఫ్ నోటు కాగితం ఎలాగూ పచ్చబడి పెళుసవుతుంది. దాని మీద ఉన్నది నచ్చితే ఫోటో తీసుకో. ఫ్లాషు లేకుండా, కిటికీ పక్కన నీడలో, ఫోను కాగితానికి సమంగా పట్టుకుని.

మేనకోడలు: ఫోనులో వేల ఫోటోలున్నాయి, ఎవరూ తెరవరు.

మామయ్య: అయితే ఏడాదికోసారి ఓ ముప్పై ఫోటోలు ఏరి పుస్తకంగా కుట్టించు. అది సోఫా పక్కన ఉంటే పిల్లలే తిరగేస్తారు. మరి దేవుడి బొమ్మలేం చేస్తున్నావు?

మేనకోడలు: అయ్యో, అదొక పెద్ద కథ. వినాయకచవితికి బళ్ళో వేయించారు, ఇంట్లో వేశాడు, ట్యూషనులో వేశాడు. చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యాడదు. అత్తగారు చూస్తే ఇంకేమైనా ఉందా. ఒక ఏడాది పత్రితో పాటు నిమజ్జనం చేద్దామన్నారు. స్కెచ్ పెన్ను రంగు నీళ్ళు బకెట్టులోకి దిగి వినాయకుడు నీలంగా అయ్యాడు. వాడు గంట ఏడ్చాడు. ఇప్పుడు దేవుడి గూట్లో ఒకటి పెట్టి, పైయేడు కొత్తది వేశాక పాతది ఫైల్లో పెడుతున్నాం.

మామయ్య: పూజలో వాడి వినాయకుణ్ణే పెట్టు. ఏ ఫ్రేముకీ ఆ గౌరవం రాదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతావు కదా, ఆ మెట్ల మీద కూడా ఒక మెట్టు పిల్లలకి ఇచ్చెయ్యి. పేరంటానికి వచ్చినవాళ్ళు ఎలాగూ వంగి ఒక్కో బొమ్మా చూస్తారు. కనుమ వెళ్ళాక సర్దేస్తావు. ఏడవడానికేమీ ఉండదు, రాజారాణీ బొమ్మలూ పెట్టెలోకే పోతాయి కదా.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు ఒకే పక్షమయ్యారు. నాకు భయమేసింది.)

మేనకోడలు: అసలు మా చిన్నప్పుడు ఈ తంటాలేమీ లేవు. తాతయ్యగారింట్లో బొగ్గుతో గోడంతా గీసేవాళ్ళం. ఎవరూ ఏమనేవారు కాదు.

మామయ్య: ఎందుకంటారు? సున్నం గోడలు. సంక్రాంతి ముందు ఎలాగూ వెల్ల వెయ్యాలి. సున్నం, కాస్త నీలిమందు, ఒక కుంచె. ఏడాదిపాటు మీరు గీసిందంతా ఒక పూటలో మాయం, మళ్ళీ తెల్లగోడ. ఇప్పుడు లప్పం పెట్టి ఎమల్షను వేసేసరికి గోడ ఖరీదు పిల్లలకంటే పెరిగింది. జపానులో తొత్తోచాన్ అనే పిల్ల చదివిన బడి గుర్తుందా, తెలుగులో ‘రైలుబడి’ అనే పుస్తకంగా వచ్చింది? అక్కడ సంగీతం క్లాసులో నేల మీద సుద్దముక్కలతో గియ్యనిచ్చేవాళ్ళు. తుడుచుకునేదీ పిల్లలే. తనివితీరా గీశారు కాబట్టి బయటి గోడల మీద పిచ్చిగీతలు గియ్యలేదట. నువ్వు కూడా నీ కాగితాల తోరణాలు తగ్గించి, బాల్కనీ తలుపుకి లోపలివైపు నల్లరంగు వేయించు. చెక్క తలుపుకి ఓనరు అభ్యంతరం చెబితే ప్లైవుడ్ ముక్కకి వేయించి ఆనించు. పొద్దున గీసింది సాయంత్రం తుడుచుకుంటాడు.

మేనకోడలు: వేయిస్తాను. అది గియ్యడానికి. ఇది చూడటానికి. రెండూ కావాలి నాకు. మీరు శంకర్స్ పిల్లల బొమ్మల పోటీకి ప్రతి ఏడూ మా బొమ్మలు ఢిల్లీ పంపేవారు కదా? అది చూపించడం కాదా?

మామయ్య: పంపాను. అది 1949లో మొదలైంది. నేను పంపే నాటికి ప్రపంచమంతా పంపేది. పంపి మర్చిపోయేవాళ్ళం. మీరూ మర్చిపోయి ఇంకోటి వేసేవాళ్ళు. అలా మర్చిపోవడమే అందులో మంచి సంగతి. జిల్లా పోటీలో ఒకమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది, కోడిపందెం వేసినందుకు. పేపర్లో పడింది. బడి వదిలేదాకా ఆ పిల్ల కోడిపందెం తప్ప ఇంకోటి వెయ్యలేదు. అప్పట్నుంచి నాకు చప్పట్లంటే భయం. నువ్వు నిన్న రాత్రి చిన్నాడి బొమ్మ ఫోటో తీసి ఎవరికో పంపావు?

మేనకోడలు: ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను.

మామయ్య: వాణ్ణడిగావా?

మేనకోడలు: ఆరేళ్ళవాణ్ణి ఏమడుగుతాను?

మామయ్య: ఇంట్లో గోడ అయితే ఎవరు చూస్తున్నారో వాడికి కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న బాబాయి ముప్పై చప్పట్ల గుర్తులు పెడితే వాడికేం తెలుస్తుంది, నువ్వు చదివి వినిపిస్తే తప్ప? వినిపించావు కూడా. పొద్దున లేచి ఇంకో నెమలి వేశాడు, బాబాయికి పంపమని. ఇదిగో, ఆ సర్టిఫికెట్టు బేరం గుంపు.

మేనకోడలు: ...ఇది మాత్రం మీరన్నది నిజం. ఇకనుంచి అడిగి పంపుతాను. చప్పట్ల లెక్క చెప్పను. బాబాయి ఏమైనా ప్రశ్న అడిగితే అది చెబుతాను.

మామయ్య: చెప్పు. ఇక పెద్దదాని సంగతి. గోడ మీద దానివి పాతిక ఉన్నాయి. అన్నీ చిన్నప్పటివే. ఇప్పటివేవీ?

మేనకోడలు: ఇప్పుడు వెయ్యడం లేదు. నాకు రాదమ్మా అంటుంది.

మామయ్య: నిన్న నువ్వు బ్యాంకులో ఉన్నప్పుడు దాని స్నేహితురాళ్ళు వచ్చారు. ఆ తలకాయకే చేతులు మొలిచిన అమ్మ బొమ్మ చూసి నవ్వారు. వాళ్ళు వెళ్ళాక ఇది కుర్చీ వేసుకుని దాన్ని తీసి మడిచి పుస్తకంలో పెట్టింది. చింపలేదు. నేను చూశానని దానికి తెలీదు.

మేనకోడలు: నాతో ఒక్కమాట అనలేదు. ఆ బొమ్మంటే నాకు ప్రాణం, మామయ్యా.

మామయ్య: నీకు ప్రాణం. దానికి తలవంపు. లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన 1947లో రాసిన పుస్తకం మాకు ట్రైనింగులో చెప్పేవాళ్ళు. తొమ్మిది దాటి పన్నెండులోపు పిల్లలకి ఉన్నది ఉన్నట్టు వెయ్యాలనే పట్టుదల మొదలవుతుందంటాడు. చెయ్యేమో ఆ కంటితో సమానంగా ఎదిగి ఉండదు. తమ బొమ్మ తమకే నచ్చదు. చాలామంది అక్కడే పెన్సిలు కింద పెడతారు. ఆ సమయంలో చిన్ననాటి బొమ్మలు గోడ నిండా వేలాడదీసి, అప్పుడెంత ముద్దుగా వేసేదో అని వచ్చినవాళ్ళకి చెబుతూ ఉంటే, ఇప్పుడు వెయ్యబుద్ధవుతుందా?

మేనకోడలు: తీసేస్తాను. అన్నీ తీసి దాని చేతికిస్తాను, ఏం చేసుకుంటుందో దానిష్టం. కానీ గోడ మొత్తం ఖాళీ చెయ్యను మామయ్యా, చిన్నాడి నాలుగు అట్టలూ ఉంటాయి.

మామయ్య: ఉంచుకో. వాడు వద్దన్న రోజు తీసెయ్యి.

మేనకోడలు: పెద్దదాని అల్మరా తలుపు లోపలివైపు ఖాళీగా ఉంది. అక్కడ తను ఏం పెట్టుకున్నా నేను తెరవనని చెప్తాను.

మామయ్య: చెప్పడం కాదు, తెరవకు.

(అల్మరా సంగతి చెప్పిన రాత్రే తలుపు లోపల ఏదో అంటించిన చప్పుడైంది. ఏమిటో మాకిద్దరికీ తెలీదు. మాస్టారికి చూపించిందట, ఆయన చెప్పరు.)

వాదంలో ఎవరు గెలిచారని అడిగితే నా తీర్పు ఇది. గోడ మీద మా ఆవిడ గెలిచింది, సూట్‌కేసు మీద మామయ్య. ఆ ఆదివారం పిల్లలిద్దరూ నేల మీద కూర్చుని అందులోంచి దాచేవి ఏరుకున్నారు. మిగిలినవాటిలో వెనకవైపు ఖాళీగా ఉన్నవి మళ్ళీ చిన్నాడు గియ్యడానికే పోయాయి. మీ ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే, గోడ మీదున్న వాళ్ళ పాత బొమ్మలు ఉంచాలా తియ్యాలా అని ఈ వారమే వాళ్ళనడగండి. తియ్యమంటే ఎందుకని అడక్కండి.